తుమ్మలేటి లోతు పదిహేనడుగులు

తుమ్మలేటిని జాతికి అంకితం చేస్తున్నట్టు మంత్రిగారు మదనపల్లెలో ప్రకటించిన రోజున తుమ్మలేట్లో నీళ్లు లేవు. ఈ సంగతి మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఆయన మనసు కష్టపెట్టేంత కఠినాత్ములు ఆ శాఖలో లేరు.

"ఏడాదికి లక్షమంది పర్యాటకులు. పడవలు, వాటర్ స్పోర్ట్స్, నది ఒడ్డున యోగా," అని మంత్రిగారు వేళ్లు మడిచి చెప్పారు. ఆయన వెనకాల తెర మీద తుమ్మలేరు నీలంగా మెలికలు తిరుగుతూ కనిపించింది. చప్పట్లు బాగానే పడ్డాయి.

ఆ మ్యాపు గీయించింది నదీ విహార విభాగం అధికారి మునిశేఖర్. పుంగనూరు వెనక కొండల్లో పుట్టి, బైరెడ్డిపల్లె పక్కగా వచ్చి, కుప్పం దాటాక తమిళనాడులోకి వెళ్లిపోయే నది అని దాని కింద రాయించాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. పుట్టడమైతే పుట్టింది, నడవడమే మానేసి చాలా ఏళ్లయింది. ఏడాదికొకసారి గట్టి వాన కొడితే ఒక పూట ఎర్రగా పారుతుంది. మిగతా రోజులన్నీ ఇసుక, తుమ్మచెట్లు, వాటి నీడన గొర్రెలు. అయినా మ్యాపులో నదికి నీలం రంగే వెయ్యాలన్నది రూలు, మునిశేఖర్ రూలు తప్పే మనిషి కాదు.

ఆ గొర్రెల్లో నలభై ఏటిగడ్డపల్లె యల్లప్పవి. యల్లప్పకి నలభై ఏళ్లుంటాయి, ఏడో తరగతి దాకా చదివాడు, అంతకు మించి ఎవరికీ అపకారం చెయ్యలేదు. అతనికీ, అతని పెళ్లాం మునెమ్మకీ, ఆ ఊళ్లోని మిగతా పదమూడు ఇళ్లకీ ఆధారం ఏటి నడుమనున్న చెలమ. ఇసుకలో గుంత తవ్వితే అడుగున నీళ్లు ఊరుతాయి. టెంకాయ చిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. చలికాలంలో మోకాటి లోతు తవ్వితే చాలు. ఎండాకాలం వచ్చేసరికి మనిషి దిగితే తల కనపడదు. మనుషుల బిందెలు నిండాక జీవాలకి తొట్టిలో పోస్తారు. వారానికి రెండుసార్లు పుంగనూరు నుంచి రఫీ ట్యాంకరు తెస్తాడు గానీ ఆ నీళ్లు వంటకి చాలితే గొప్ప.

ఫిబ్రవరిలో ఒకరోజు లారీలో ఇనపకంచె దిగింది. కిలోమీటరు పొడుగునా ఏటికి రెండు వైపులా కంచె వేసి, వంతెన దగ్గర ఒక గేటు పెట్టి, గేటుకి తాళం వేశారు. "పర్యాటకులకు, సిబ్బందికి మాత్రమే ప్రవేశం. పశువులు నిషిద్ధం" అని బోర్డు పెట్టారు. బోర్డు మీద ఈత కొడుతున్న ఒక తెల్లామె బొమ్మ ఉంది.

యల్లప్ప ఆ బోర్డు చదివి, గొర్రెల్ని చింతచెట్టు కింద వదిలేసి, నేరుగా మునిశేఖర్ దగ్గరికి పోయాడు. మునిశేఖర్ వంతెన మీద టేబులు వేసుకుని లైఫ్‌గార్డు పోస్టుకి ఇంటర్వ్యూలు చేస్తున్నాడు. ఇంటర్వ్యూకి ఎవరూ రాలేదు.

"ఈత వచ్చా?" అని అడిగాడు మునిశేఖర్.

"యాడ నేర్సుకునేది సార్, నీళ్లుంటే కదా."

మునిశేఖర్ పెన్ను బుగ్గకి ఆనించుకుని ఆలోచించాడు. "నీ ఎరికలో ఈ ఏట్లో మునిగి ఎంతమంది పోయారు?"

"ఒక్కరు గూడా లేరు సార్. మా తాత నాటి నుంచీ లేరు."

"నువ్వు ఎన్నాళ్లుగా తిరుగుతున్నావు ఏట్లో?"

"ముప్పై ఏండ్లుగా తిరగతాండా."

"ముప్పై ఏళ్ల అనుభవం. ప్రమాదాలు సున్నా," అని మునిశేఖర్ ఫారంలో రాసుకున్నాడు. "రేపట్నుంచి డ్యూటీకి వచ్చెయ్."

యల్లప్ప కదల్లేదు. "గొర్రెలుండాయి సార్. నలభై. చెలమ కాడ నీళ్లు తాపాల."

"రూరల్ యాంబియన్స్ అని వేద్దాం. బెంగళూరు వాళ్లకి అవంటే ఇష్టం."

"మా ఊరి ఆడోళ్లు పొద్దున్నే నడిచొస్తారు సార్, ఏట్లోకి."

"మార్నింగ్ వాకర్స్," అన్నాడు మునిశేఖర్. తల ఎత్తకుండానే గేటు తాళంచెవి చేతిలో పెట్టాడు. సర్కారు ఇంత తొందరగా పని చెయ్యగలదని యల్లప్ప ఎప్పుడూ అనుకోలేదు. దండం పెట్టి వచ్చేశాడు.

తెల్లారి ఆరెంజ్ రంగు లైఫ్ జాకెట్ తొడుక్కుని, మెడలో విజిల్ వేసుకుని బయల్దేరితే మునెమ్మ ఎగాదిగా చూసింది. "ఏందప్పా ఈ వేషం? గొర్రెలు జడుసుకుంటాండాయి సూడు."

"ఇది ఏసుకుంటేనే గేటు తెరిసేది."

"అయితే నిద్రలో గూడా ఇప్పొద్దు," అంది మునెమ్మ. ఆమెకి చెలమ ముఖ్యం, మొగుడి అందం తర్వాతి మాట.

నెలరోజులు హాయిగా గడిచాయి. యల్లప్ప తెల్లారుజామునే గేటు తీసేవాడు. పద్నాలుగు మంది మార్నింగ్ వాకర్స్, అందరిలోకీ పెద్దదైన గంగులమ్మవ్వ ముందు నడవగా, బిందెలతో లోపలికి వెళ్లేవాళ్లు. రూరల్ యాంబియన్స్ తొట్టి దగ్గర నీళ్లు తాగేది. మార్చి ఆఖర్లో మునిశేఖర్ వచ్చి రిజిస్టరు తిరగేసి ముఖం చిట్లించాడు. రిజిస్టరులో మూడు గడులున్నాయి. నదిలో దిగినవారు, పైకి తీయబడినవారు, లోతు అడుగులలో. మూడింటిలోనూ యల్లప్ప శ్రద్ధగా సున్నాలు చుట్టాడు.

"ఇట్లయితే పోస్టు ఎత్తేస్తారు యల్లప్పా. పోస్టు పోతే గేటుకి తాళమే. ఒక్కరినీ పైకి లాగలేదా నువ్వు?"

"రోజూ లాగతానే ఉండా సార్. చెలమ లోతైపొయ్యింది. ఆడోళ్లు బిందెతో ఎక్కలేరు. నేనే సెయ్యిచ్చి లాగాల."

"ఎంతమందిని?"

"పద్నాలుగు మందిని."

"రోజుకా?" మునిశేఖర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతకాలం సున్నాలు పెడతావేమయ్యా? జరిగింది జరిగినట్టు రాయి. ప్రభుత్వం దగ్గర ఏదీ దాచకూడదు."

ఏప్రిల్ నుంచి యల్లప్ప జరిగింది జరిగినట్టు రాశాడు. దిగినవారు పద్నాలుగు, పైకి తీయబడినవారు పద్నాలుగు, లోతు పదకొండు అడుగులు. నెల తిరిగేసరికి మొత్తం నాలుగువందల ఇరవై అయింది. మే మొదటి వారానికి పదమూడు అడుగులు తవ్వితే గానీ తడి తగల్లేదు. రెండోవారానికి పదిహేను. ఎండలు ముదిరేకొద్దీ రిజిస్టరులో నది నిండుతూ వచ్చింది.

ఈ అంకెలు చూసి రాజధానిలో పైవాళ్లు నిటారుగా కూర్చున్నారట. ఒక్క నెలలో నాలుగువందల ఇరవై మంది మునిగితే నాలుగువందల ఇరవై మందినీ ఒక్కడే పైకి లాగాడు. చావు ఒక్కటీ లేదు. సముద్రం ఒడ్డున విమానం ఖరీదు చేసే పరికరాలతో కూర్చున్నవాళ్లకి కూడా ఇటువంటి రికార్డు లేదు. పేపర్లో యల్లప్ప ఫోటో వేశారు. పక్కనే గొర్రె తల కూడా సగం పడింది.

ఎదుటి పార్టీ నాయకుడికి మాత్రం కడుపు మండింది. ఆయన వంతెన మీదికి పత్రికలవాళ్లని పిలిచి, కిందికి వేలు చూపించి, "నీళ్లెక్కడున్నాయి?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. పత్రికలవాళ్లు కిందికి చూశారు, ఇసుక కనపడింది. ఆ సాయంత్రమే మునిశేఖర్ రిజిస్టరు నకళ్లు పంచిపెట్టాడు. "నీళ్లు లేకపోతే నాలుగువందల మంది దేంట్లో మునిగారు?" అని తిరిగి అడిగాడు. పత్రికలవాళ్లు దాన్నే రాసుకుని పోయారు. ఎదుటి పార్టీ నాయకుడు రాత్రంతా ఆలోచించి, తెల్లారి తన డిమాండు మార్చుకున్నాడు. ఇంత ప్రమాదకరమైన నదిలోకి ఆడవాళ్లని ఎలా దిగనిస్తున్నారని, ప్రజల ప్రాణాలంటే ఈ ప్రభుత్వానికి లెక్కలేదని, వెంటనే విచారణ సంఘం వెయ్యాలని కోరాడు. అధికార పక్షం, ప్రతిపక్షం ఒక నది విషయంలో ఇంత చక్కగా కలిసిపోవడం ఈమధ్య కాలంలో చూడలేదు.

ఆ వారమే రఫీ ట్యాంకరు ఆగిపోయింది. రఫీ ఖాళీ చేతులతో మోటారుసైకిల్ మీద వచ్చి చెప్పిపోయాడు.

"క్యా కరూఁ, ఏం సేసేది యల్లప్ప భాయ్. మీ ఊరికి ట్రిప్పులు నిలిపేసినారు. పదిహేను అడుగుల నీళ్లు ఇంటి ముందర పెట్టుకోని ట్యాంకరు యాల అంటాండారు. నేను సెప్పినా భాయ్, ఆడ ఇసుకే ఉండాదని. నువ్వు డ్రైవరువా ఇంజనీరువా అన్నారు."

యల్లప్పకి అప్పుడు తెలిసొచ్చింది. తన చేతిరాతే తన ఊరి గొంతు పట్టుకుంది. జాకెట్ విప్పకుండానే బస్సెక్కి మునిశేఖర్ ఆఫీసుకి పోయాడు.

"సార్, ఆ లోతు ఏటిది కాదు. చెలమది."

"చెలమ ఎక్కడుంది?"

"ఏట్లో."

"మరి ఏటి లోతే కదా," అన్నాడు మునిశేఖర్ ఓపిగ్గా.

"ఆ లోతులో నీళ్లు ముంతెడే ఉంటాయి సార్. మిగిలిందంతా గాలే."

"గాలికి రిజిస్టరులో గడి లేదు యల్లప్పా." మునిశేఖర్ లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యేశాడు. "ఇప్పుడు నువ్వొచ్చి నీళ్లు లేవంటే నిన్నేమంటారు? దొంగలెక్క రాశాడంటారు. పోలీసు కేసు. నేనేదో నిన్ను కాపాడుకుంటూ వస్తున్నాను. సోమవారం కుప్పంలో నీకు అవార్డు. తెల్లచొక్కా వేసుకో."

విచారణ సంఘంలో ముగ్గురు పెద్దమనుషులు. వాళ్లు కుప్పం గెస్టుహౌసులో రెండ్రోజులు బస చేసి, రిజిస్టరు ఆమూలాగ్రం చదివి, కారణం కనిపెట్టారు. మునిగినవాళ్లంతా ఒకే చోట మునిగారు. ఆ చోట ఒక గుంత ఉంది. గుంత పూడిస్తే మునగడం ఆగుతుంది. ఏటి ముఖం చూడకుండానే ఇంత కచ్చితంగా తేల్చడం చిన్న విషయం కాదు, సంఘానికి సన్మానం కూడా జరిగింది.

సోమవారం కుప్పంలో యల్లప్ప మెడలో దండ పడింది. మంత్రిగారు అతని చెయ్యి పట్టుకుని కెమెరా వైపు తిరిగి, "ఇలాంటి యల్లప్పలు ఊరికొకరు కావాలి," అన్నారు. దండ ఇంకా తీయకముందే జేబులో ఫోను మోగింది.

"ఏమప్పా, యాడుండావు?" ఫోనులో మునెమ్మ, వెనకాల బండి రొద. "జేసీబీ వచ్చుండాది. చెలమ పూడుస్తాండారు. గంగులమ్మవ్వ అడ్డం పడుకునింది, ఎత్తి గట్టు మీద కూసోబెట్టినారు."

యల్లప్ప స్టేజీ మీదే మునిశేఖర్ చెవిలో చెప్పాడు. "సార్, అవి మా నీళ్లు సార్. పూడ్సేస్తాండారంట."

"నీళ్లు నదిలో ఉంటాయి యల్లప్పా, గుంతలో కాదు," అన్నాడు మునిశేఖర్ కెమెరా వైపు నవ్వుతూనే. "గురువారం బోటింగు ప్రారంభం. అప్పటిదాకా ఓర్చుకో."

అతను సాయంత్రం బస్సు దిగేసరికి చెలమ ఉన్న చోట ఇసుక చదునుగా, ముగ్గు వేసుకోవడానికి వీలుగా ఉంది. "గుంతలు తవ్వడం నేరం" అని కొత్త బోర్డు, దాని పక్కన కుర్చీలో ఒక హోంగార్డు. యల్లప్ప ఆ ఇసుక మీద చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మెడలో దండ ఉన్న సంగతి కూడా మర్చిపోయాడు.

రెండ్రోజులు మునెమ్మ గొర్రెల్ని మూడు కిలోమీటర్లు నడిపించి, పాత గ్రానైట్ క్వారీ గుంతలో పచ్చగా నిలిచిన నీళ్లు తాపించింది. బుధవారం పొద్దున రెండు గొర్రెలు లేవలేదు. వాటిలో ఒకటి చూడిది. ముప్పై ఎనిమిది మిగిలాయి. ఆ తర్వాత మునెమ్మ వాటిని క్వారీకి తోలలేదు, దొడ్లోనే కట్టేసింది. రాత్రంతా అవి అరుస్తూనే ఉన్నాయి.

గురువారం ఆగిపోయిన ట్యాంకరు మళ్లీ వచ్చింది. ఒక్కటి కాదు, పన్నెండు. ముందరి బండిలో రఫీ ఉన్నాడు గానీ యల్లప్ప వైపు చూడలేకపోయాడు. అంతకుముందే వంతెన కింద ఇసుకని తొట్టిలాగా చదును చేసి, నీలం రంగు ప్లాస్టిక్ పట్ట పరిచి ఉంచారు. ట్యాంకర్లన్నీ దాంట్లో పోశాయి. అరవై వేల లీటర్ల తుమ్మలేరు మిలమిలా మెరిసింది. హంస ఆకారంలో ఒక తొక్కుడు పడవ తెచ్చి దింపారు. మంత్రిగారు పంచె ఎగగట్టి ఎక్కి కూర్చున్నారు. రంగు మాత్రం అచ్చం మ్యాపులో ఉన్నట్టే వచ్చింది.

కంచె అవతల పద్నాలుగు మంది ఆడవాళ్లు బిందెలతో నిలబడ్డారు. వాళ్ల వెనక, నీళ్ల వాసనకి తాళ్లు తెంపుకుని వచ్చిన ముప్పై ఎనిమిది గొర్రెలు.

"నీళ్లలోకి ఎవరినీ దిగనివ్వద్దు," అన్నాడు మునిశేఖర్. "దానికే కదా నిన్ను పెట్టుకుంది."

మూడు నెలల ఉద్యోగంలో యల్లప్పకి కాపలా కాయడానికి నీళ్లు కనపడటం ఇదే మొదటిసారి. గేటు దగ్గరికి పోయాడు. గంగులమ్మవ్వ కంచె పట్టుకుని నిలబడి ఉంది. గొర్రెలు కంచె సందుల్లో మూతులు దూర్చి నాలుకలు చాస్తున్నాయి. యల్లప్ప తాళం తీసి, గేటు బార్లా తెరిచి, పక్కకి జరిగాడు.

గొర్రెలు ఎంత తాగుతాయి పాపం, తలా ఐదారు లీటర్లు. ఆ పాటికి నదికి ఏమీ అయ్యేది కాదు. కానీ ముప్పై ఎనిమిది గొర్రెలకి నూటయాభై రెండు గిట్టలుంటాయి, నీలం పట్ట మాత్రం ఒకటే, అదీ తక్కువ టెండరుది. చిరుగు పడగానే బుడబుడమని చప్పుడయింది. మంత్రిగారు జనానికి చెయ్యూపుతూ పడవ తొక్కుతుండగానే నది ఆయన కిందనుంచి ఇసుకలోకి దిగిపోయింది. ఆడవాళ్లు దొరికినన్ని బిందెలు ముంచుకున్నారు. హంస ఒక పక్కకి ఒరిగి ఆగింది.

"ఇవేనా మీరు చెప్పిన యాంబియన్స్?" అని అడిగారు మంత్రిగారు, పడవలోనే కూర్చుని.

"అవే సార్," అన్నాడు మునిశేఖర్.

మర్నాడు పేపర్లో బోటింగు ప్రారంభం గురించి మంచి ఫోటో వచ్చింది. మధ్యాహ్నానికి యల్లప్పకి నోటీసు వచ్చింది. మునెమ్మ చదివి వినిపించమంటే అతను గడప మీద కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. విధి నిర్వహణలో ఉండగా మీరు ఒక నదిని పోగొట్టినట్టు తెలియవచ్చినది. ఛార్జి లిస్టు ప్రకారం మీ వద్ద ఉండవలసినవి లైఫ్ జాకెట్ ఒకటి, విజిల్ ఒకటి, నది ఒకటి. కావున ఏడు రోజుల్లోగా సదరు నదిని, మీకు అప్పగించిన నాడు ఏ స్థితిలో ఉన్నదో అదే స్థితిలో తిరిగి అప్పగించవలెను. కింద మునిశేఖర్ సంతకం, గుండ్రటి సీలు.

"ఇంకొకసారి సదువు," అంది మునెమ్మ.

రెండోసారి చదివేటప్పుడు అదే స్థితిలో అన్న మాట దగ్గర అతని వేలు ఆగింది. తర్వాత యల్లప్ప లేచి, చూరు కింద ఉన్న పార తీసుకుని ఏటికి పోయాడు. మునెమ్మ తట్ట తీసుకుని వెనకే వెళ్లింది. హోంగార్డు కుర్చీలోంచి లేచి అడ్డమొస్తే యల్లప్ప నోటీసు చూపించాడు. హోంగార్డు సీలు చూశాడు. సీలున్న కాగితంతో వాదించే అలవాటు అతనికి లేదు, కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

నాలుగో రోజు మునిశేఖర్ జీపు దిగేసరికి ఏటి నడుమ పెద్ద గొయ్యి. పద్నాలుగు మంది ఆడవాళ్లు వరసగా నిలబడి ఇసుక తట్టలు చేతులు మారుస్తున్నారు. యల్లప్ప లోపల ఉన్నాడు, అతని తల కనపడటం లేదు.

"ఎవరిచ్చారు పర్మిషను?" అని అరిచాడు మునిశేఖర్ గట్టు మీదినుంచి.

లోపల్నుంచి ఒక తట్ట చేతులు మారుతూ పైకి వచ్చింది. తట్టలో నోటీసు ఉంది. మునిశేఖర్ దాన్ని అందుకుని తన సంతకం దాకా చదువుకున్నాడు.

"నది అప్పగించమంటే గుంత తవ్వుతావేంది?"

"ఫిబ్రవరిలో మీరు నాకిచ్చింది ఇదే సార్. ఇంకా మూడు దినాలు టైముండాది."

ఎండ నెత్తి మీద పేలుతోంది. మునిశేఖర్ మెడ తుడుచుకున్నాడు. గంగులమ్మవ్వ గొయ్యిలో అప్పుడే ఊరిన నీళ్లు బిందెలోంచి టెంకాయ చిప్పతో ముంచి ఇచ్చింది. ఆయన ఒక చిప్ప తాగాడు. చిప్ప తిరిగి చాపి ఇంకోటి తాగాడు. తర్వాత మూతి తుడుచుకుని, జీపులోంచి రిజిస్టరు తెప్పించి, మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీశాడు.

"లోతు ఎంత వేసుకోమంటావు?"

లోపలినుంచి ఇంకో బిందె నిండి పైకి వచ్చింది.

"ముందు జీవాలు తాగనీ సార్," అన్నాడు యల్లప్ప. "ఆమీట సెప్తా."